రెండోవారు చూసే ఉంటారు

నేరం ఒప్పుకోనివాళ్ళతో వేగడం ఇన్‌స్పెక్టరమ్మకి వెన్నతో పెట్టిన విద్య. ఒప్పుకోవడానికి తొందరపడేవాళ్ళని చూస్తేనే ఆమెకి ఒళ్ళు మండుతుంది.

"నేనే చేశానండీ. ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పండి, పెట్టేస్తాను," అంది డాక్టరమ్మ. పొద్దుట్నుంచి అదే పాట.

డాక్టరమ్మంటే మనుషులకి మందులిచ్చే డాక్టరు కాదు. మ్యూజియంలో పాత పటాలకి వైద్యం చేస్తుంది. చిరిగిన కాన్వాసుకి మాసిక వేస్తుంది, మసిబారిన వార్నిష్ తీస్తుంది, ఊడిపోబోయే రంగుని అతికించి నిలబెడుతుంది. మొన్నటిదాకా ఆ పిలుపులో ముద్దూ మర్యాదా రెండూ ఉండేవి. నిన్న పొద్దుట్నుంచి మాత్రం మ్యూజియంలో గుమాస్తాలు కూడా ఆ మాట అనబోయి మింగేస్తున్నారు. అందుకు కారణం సూదమ్మ.

సూదమ్మ కూడా మనిషి కాదు. కిటికీ పక్కన కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తున్న ఆడమనిషి బొమ్మ. గీసిందెవరో తెలియదు, వయసు మూడొందల ఏళ్ళ పైమాటే. ఊళ్ళో పుట్టి పెరిగిన ప్రతివాళ్ళూ చిన్నప్పుడు ఆ పటం ముందు నిలబడి దారం ఎక్కుతుందా ఎక్కదా అని పందెం వేసుకున్నవాళ్ళే. ఇన్‌స్పెక్టరమ్మ కూడా వేసుకుంది. ఎక్కుతుందని ఆమె, ఎక్కదని వాళ్ళన్నయ్య. నిన్న పొద్దున వర్క్‌షాపు తలుపు తీసేసరికి సూదీ దారమూ పటంలోనే ఉన్నాయి, సూదమ్మ ముఖం మాత్రం పెచ్చులు పెచ్చులుగా నేల మీద పడి ఉంది.

"బ్లేడుతో గీకారా?"

"లేదండీ."

"ఏదైనా మందు పోశారా?"

"లేదు. పాత వార్నిష్ వదలడానికి, పత్రికలో అచ్చయిన పద్ధతి ప్రకారం నీళ్ళ జెల్ వేశాను. అరగంట ఉంచి తీసేశాను. తాళం వేసుకుని ఇంటికెళ్ళాను."

"పద్ధతి ప్రకారం చేస్తే అది నేరం ఎలా అవుతుందమ్మా?"

డాక్టరమ్మ తన చేతులకేసి చూసుకుంటూ కూర్చుంది. గోళ్ళ సందుల్లో ఇంకా గోధుమరంగు వార్నిష్ ఉంది. మొన్నట్నుంచి ఆ చేతులు కడుక్కోలేదని తెలుస్తూనే ఉంది.

"పోనీ, ఆ పద్ధతి ఇదివరకు ఎవరైనా చేసి చూశారా?"

"చూడకేమండీ. ఆ బడి హాల్లో వేలాడిన పటానికి శుభ్రంగా పనిచేసింది. ఒక్క పెచ్చు కూడా లేవలేదు. దీనికే..." ఆమె బల్ల మీది కాగితం ముందుకి తోసింది. "రాసుకోండి మేడమ్. తప్పు నాది. వాళ్ళ మీదా వీళ్ళ మీదా పెట్టకండి."

వాళ్ళూ వీళ్ళూ ఎవరో ఆమె చెప్పలేదు. ఇన్‌స్పెక్టరమ్మ కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. సాయంత్రం నాలుగింటికల్లా ఈమెని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయి. కావాలని జాతి సంపద ధ్వంసం చేసిందన్నది అభియోగం. మ్యూజియంలో పెద్ద పదవి తనకి రాకుండా ఇంకొకరికి వెళ్ళిందన్న కడుపుమంటతో చేసిందట. ఆ అభియోగం నిలబడితే పటాలని తాకడం అటుంచి, డాక్టరమ్మ మళ్ళీ మ్యూజియం గుమ్మం కూడా తొక్కలేదు.

వర్క్‌షాపులో అప్పటికే భూతద్దం కొలువుతీరి ఉన్నాడు. బీమా కంపెనీ తరఫున వచ్చిన నిపుణుడు. ఒకప్పుడు తనూ పటాలకి వైద్యం చేసినవాడే. ఎక్కడికి వెళ్ళినా జేబులోంచి వెండి పిడి ఉన్న భూతద్దం తీసి, గోడకి పట్టిన బూజుని కూడా దానితోనే చూస్తాడని పోలీసులు ఆ పేరు పెట్టారు. ఎదురుగా మాత్రం సార్ అంటారు.

"ఒప్పుకుందిగా? ఇంకా దేనికి సాగదీస్తున్నారు?" అన్నాడు పటానికి వీపు తిప్పి కిటికీలోంచి బయటికి చూస్తూ.

"ఏం ఒప్పుకుందో నాకు అర్థం కాలేదు సార్. అర్థమయ్యాక ఆపేస్తాను."

"మీ సొంత నివేదికలోనే ఉంది కదండీ, బ్లేడు లాంటి పదునైన వస్తువుతో గీకిన ఆనవాళ్ళని. కింద మీ సంతకం కూడా ఉంది."

నిన్న సబ్ ఇన్‌స్పెక్టర్ రాసుకొచ్చిన నివేదిక అది. ఇన్‌స్పెక్టరమ్మ జీపు ఎక్కబోతుంటే బానెట్ మీద పెట్టి కలం అందించాడు. మంచి కుర్రాడు, తెలివైనవాడు, సరిగ్గానే రాసి ఉంటాడు అనుకుని గీకేసింది. చదవలేదు. ఆ సంతకం మీదే ఇప్పుడు ఒక మనిషి బతుకు వేలాడుతోంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ సిగ్గు ఎలాగూ మింగాల్సిందే కాబట్టి అప్పుడే మింగేసి పటం దగ్గరికి నడిచింది.

పటాన్ని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. ముఖం ఉండాల్సిన చోట ఉత్త కాన్వాసు, దాని నేత. ఆమె టార్చి వెలుగుని పక్కనుంచి ఏటవాలుగా పట్టింది. దారాలు ఒక్కటీ తెగలేదు. బ్లేడు తగిలిన గీత ఒక్కటీ లేదు. పక్కన గాజు పళ్ళెంలో ఏరి పెట్టిన పెచ్చులున్నాయి. ఒకదాన్ని పట్టకారుతో తిప్పి చూసింది. అంచులు పైకి ముడుచుకున్నాయి. రంగుతో పాటు దాని కింద పూసిన తెల్లటి పూత కూడా చెక్కు చెదరకుండా వచ్చేసింది.

"గీకితే పొడి రాలాలి కదా సార్. ఇవి పెచ్చులుగా ఎందుకు లేచాయి?"

"అదంతా లాబొరేటరీవాళ్ళు చెప్తారు."

"ఒకసారి మీ అద్దం ఇస్తారా?"

భూతద్దం చెయ్యి జేబు దాకా వెళ్ళి ఆగిపోయింది. "తేలేదు," అన్నాడు. జేబులో వెండి పిడి మెరుస్తూనే ఉంది. ఇన్‌స్పెక్టరమ్మ దాన్ని చూసింది, ఆమె చూసిందని అతను చూశాడు.

ఆమె పటం అంచుల మీదికి వంగింది. కాన్వాసుని చెక్క చట్రానికి బిగించిన చిన్న మేకుల వరస. ముఖానికి దగ్గరగా ఉన్న వైపు మేకుల కింద రంధ్రాలు గుండ్రంగా లేవు. అన్నీ అంచువైపుకి సాగి, కోడిగుడ్డు ఆకారంలో చిరిగి ఉన్నాయి. రెండు మేకులు అసలు ఊడిపోయాయి. ఎవరో కాన్వాసుని మధ్యలో పిడికిలితో పట్టుకుని గట్టిగా గుంజినట్టుంది.

"ఇది గీకుడు కాదు. బట్ట ముడుచుకుపోయింది. ఉతికిన కొత్త చొక్కా కుంచించుకుపోయినట్టు. బట్ట చిన్నదైపోతే రంగు ఎక్కడికి పోతుంది, పైకి లేచి ఊడిపోక?" అంది ఆమె. "తడి తగిలితే కాన్వాసు ఇలా ముడుచుకుంటుందా సార్?"

"కొన్ని ముడుచుకుంటాయి. నేత బిగువుగా ఉన్న పాతవి."

"మరి అదే జెల్ వేసిన ఇంకో పటానికి ఏమీ కాలేదట కదా?"

"వెనకవైపు మైనం పట్టించి ఉంటే కాదు. పూర్వం కాన్వాసు బలంగా ఉండాలని వెనకనుంచి వేడి మైనం పట్టించేవాళ్ళు. మైనం తాగిన బట్టకి నీళ్ళు ఎక్కవు..." అంటూ అంటూ ఆగిపోయాడు. నోరు జారినవాడి మొహం పెట్టాడు. ఆ వెంటనే గొంతు పెంచాడు. "దీనికీ దానికీ ఏం సంబంధమండీ? అది పేరున్న పత్రికలో అచ్చయిన వ్యాసం! దానికో పద్ధతంటూ ఉంటుంది. ఇద్దరు నిపుణులు చూసి సరేనంటేనే అచ్చేస్తారు. పద్ధతి మంచిదే. ఆవిడ చేతులే మంచివి కావు. మీరు మేజిస్ట్రేటుకి పంపకపోతే నేను మీ పైవాళ్ళతో మాట్లాడతాను."

"మాట్లాడండి సార్. నెంబరు లేకపోతే నేనిస్తాను."

పటం పక్కకి తిప్పించి, వెనకవైపు కాన్వాసు అంచున, బొమ్మకి తగలని చోట, బల్ల మీదున్న ఇంకు ఫిల్లరుతో ఒక నీటి చుక్క వేసింది. చుక్క అలా పడీ పడగానే ఇంకిపోయి చిన్న నల్లటి మచ్చ అయింది. సూదమ్మ వీపుకి మైనం లేదు. ఇన్‌స్పెక్టరమ్మ ఆ ఇంకు ఫిల్లరుని జేబులో వేసుకుంది.

వరండాలో డాక్టరమ్మ అక్క కూర్చుని ఉంది. ఒళ్ళో ఉతికిన చీర, ఇంటి తాళాలు. లోపలికి పంపకపోయినా కదలకుండా అక్కడే ఉంది.

"మీ చెల్లెలు అజాగ్రత్త మనిషా అమ్మా?"

"అదా! కూరలో ఉప్పెక్కువైందని చెప్పాలన్నా ఇంకో ముద్ద తిని రూఢి చేసుకుని చెప్పే రకం. నా ప్రాణాలు తోడేసేది." అక్క నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది. "అమ్మ పోయిన దగ్గర్నుంచీ కాస్త మారింది లెండి. అమ్మ ఆస్పత్రిలో ఉన్న నెలంతా ఇదే పక్కన ఉంది. బెంచీ మీద కూర్చుని ఓ కన్ను అమ్మ మీద, ఓ కన్ను ఆఫీసు కాగితాల మీద. నేను పిల్లల పరీక్షలని రాలేకపోయాను. వచ్చుంటే అది కాస్త కుదురుగా ఉండేది. తప్పంతా నాదే మేడమ్."

ఈ ఇంట్లో తప్పు నాదంటే నాదని పోటీలు పడుతున్నారని ఇన్‌స్పెక్టరమ్మ మనసులో విసుక్కుంది. విసుక్కున్నందుకు మళ్ళీ తనే నొచ్చుకుంది.

జెల్ పద్ధతి గురించి పత్రికలో రాసిన ప్రొఫెసర్ కాలేజీకి వెళ్ళేదాకా జీపులో ఆమె ఆ వ్యాసం చదివింది. ఈసారి కామాలూ ఫుల్‌స్టాపులతో సహా చదివింది. జెల్ ఎలా కలపాలో, ఎంత మందంగా వేయాలో, ఎంతసేపు ఉంచాలో చక్కగా రాశారు. దేని మీద చేసి చూశారన్న దగ్గర మాత్రం ఒకే ఒక్క ముక్క ఉంది, 'ఒక పాత కాన్వాసు మీద' అని. ఆ కాన్వాసు ఎక్కడిదో, ఎలాంటిదో ఒక్క మాట లేదు. అవతల ఇవతల తిప్పి చూసినా లేదు.

ప్రొఫెసర్ గారు ఆమెని చూడగానే తనే కుర్చీ జరిపాడు. ఆ మర్యాదలో కంగారుంది. సూదమ్మ సంగతి విన్నానని, చాలా బాధేసిందని, పద్ధతిని సరిగ్గా పాటించకపోతే ఎవరేం చేస్తారని, అడక్కుండానే అన్నీ చెప్పేశాడు.

"మీరు చేసి చూసిన పటం ఏదండీ?"

గోడకి వేలాడుతోంది. ఒక కొండ, ఒక వాగు, నాలుగు మేకలు. కడిగినట్టు తళతళలాడుతోంది. ఇన్‌స్పెక్టరమ్మ దాన్ని గోడ మీంచి దించి బోర్లించింది. వెనకంతా దళసరి అట్ట పెట్టి బిగించి ఉంది.

"ఈ అట్ట ఎప్పుడు వేశారు సార్?"

"ఎప్పటిదో. దుమ్ము పడకుండా."

"స్క్రూల మెరుపింకా పోలేదు. గోడ వారన నేల మీద అట్ట పొట్టు కూడా ఉంది. మీ గది రోజూ ఊడ్పిస్తారు కదా?"

ఆమె ప్రొఫెసర్ గారి బల్ల మీది స్క్రూడ్రైవరే తీసుకుని అట్ట విప్పింది. విప్పుతుండగానే గోరువెచ్చటి తేనెపట్టు వాసన తగిలింది. ఫిల్లరు తీసి కాన్వాసు మీద ఒక చుక్క వేసింది. చుక్క ఇంకలేదు. జిడ్డు పళ్ళెం మీద పడ్డట్టు గుండ్రంగా నిలబడి, పటం వంచితే జారి కిందికి పోయింది.

"మైనం," అంది ఆమె.

అతను కూర్చుండిపోయాడు. "అవును. దాచాలని కాదండీ. మొదట రాసినదాంట్లో అంతా ఉంది. ఇది పాత బడి హాల్లో వేలాడిన పటమని, పైకప్పు కారుతుంటే అక్కడివాళ్ళు పూర్వం మైనం పట్టించారని, ఓ పెద్ద పేరా రాశాను. పేరా పొడుగైంది, కుదించమన్నారు. కుదించాను."

"బడిని తీసేసి మైనాన్ని ఉంచొచ్చు కదా?"

ఆ ప్రశ్న ఇదివరకు తనని తను చాలాసార్లు వేసుకున్నవాడిలా అతను తల దించుకున్నాడు. "మైనం అని ఉంచితే, మరి మైనం లేనివాటి మీద చేసి చూశారా అని అడుగుతారు. అడిగితే ఇంకో ఏడాది పని. అడుగుతారనే అనుకున్నాను, ఇద్దరిలో ఒక్కరైనా. అడిగి ఉంటే చేసేవాణ్ణండీ, ఒట్టు. ఎవరూ అడగలేదు. అడగలేదు కాబట్టి ఫరవాలేదేమో అనుకున్నాను."

ఇన్‌స్పెక్టరమ్మ అతని మాటలు సగమే వింటోంది. బడి హాలు. ఆ మాట పొద్దున ఎక్కడో విన్నది. అచ్చులో లేని మాట.

"మీరు మొదట రాసింది ఎంతమంది చదివారు?"

"పత్రిక ఎడిటరు, ఆయన పంపిన ఇద్దరు రివ్యూయర్లు. పీర్ రివ్యూ అంటారు. ఈ పని తెలిసిన తోటివాళ్ళకే పంపుతారు. లోటుపాట్లు పట్టుకోమని. రాసిందెవరో వాళ్ళకి చెప్పరు, చదివిందెవరో నాకు చెప్పరు. ఆ ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. మొహమాటం లేకుండా ఉంటుందని."

"ఇంకెవరికైనా చూపించారా? పోనీ చెప్పారా, ఇది బడిలో పటమని?"

"ఎవరికీ లేదు. మా ఇంట్లో కూడా తెలియదు."

ఇన్‌స్పెక్టరమ్మ పొద్దుట్నుంచి ఏ మనిషిని కాపాడాలని తిరుగుతోందో, దారి తిరిగి తిరిగి ఆ మనిషి దగ్గరికే వచ్చి ఆగింది.

వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది. "ఈ పద్ధతి ఇంకెవరైనా వాడుతున్నారా?"

ప్రొఫెసర్ గారి మొహంలో నెత్తురు లేదు. ఆ ప్రశ్న రాకూడదని కూర్చున్నాడు. "ఇంకో ఊళ్ళో మ్యూజియం. పొద్దున ఫోన్ చేసి జెల్ పాళ్ళు అడిగారు. మధ్యాహ్నం మొదలుపెడతామన్నారు."

"చెప్పారా వాళ్ళకి?"

"ఎలా చెప్పనండీ? పొద్దున చెప్తే... నా పద్ధతి తప్పని నేనే..."

ఇన్‌స్పెక్టరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోన్ అతని చేతిలో పెట్టింది. అతను నెంబరు మాత్రం కాగితం మీద రాసిచ్చాడు. మాట్లాడలేనన్నాడు. జీపులోంచి తనే చేసింది. మేడమ్ పనిలో ఉన్నారని, పోలీసులకి పటాల సంగతి ఏం తెలుసని, కావాలంటే ఉత్తరం రాయమని ఎవరో ఫోన్ పెట్టేశారు. డ్రైవరు ఆమె మొహం చూసి, చెప్పకుండానే వేగం పెంచాడు.

మ్యూజియంలో వర్క్‌షాపు పక్క గదిలో భూతద్దం కాగితాలు సిద్ధం చేసి పెట్టుకున్నాడు. డాక్టరమ్మ చేతిలో కలం ఉంది. ఇన్‌స్పెక్టరమ్మ ఆ కలం లాక్కుని బల్ల మీద పెట్టింది.

"బడి హాలు సంగతి మీకెలా తెలుసు?"

డాక్టరమ్మ తలెత్తలేదు.

"అచ్చయిన వ్యాసంలో బడి లేదు. మొదటి రాతలో ఉంది. దాన్ని చదివింది ముగ్గురే. మీరు ఎడిటరు కాదు."

డాక్టరమ్మ తల వంచుకునే చెప్పింది. గొంతు మాత్రం నిలకడగా ఉంది. "అమ్మకి ఆఖరి రోజులు. ఆస్పత్రి బెంచీ మీద చదివానండీ. చదివానని కూడా అనకూడదు, కళ్ళు పోనిచ్చాను. గడువు దాటిపోతోందని ఎడిటర్ గారు గుర్తుచేస్తున్నారు. బాగుంది, నమూనా గురించిన పేరా పొడుగైంది, కుదించండి అని రాసి పంపేశాను. ఏదో ఒకటి రాయాలి కదా అని రాశాను. అందులో బడి అన్న మాట ఉంది. అమ్మ బడిపంతులమ్మ. అందుకని బడి గుర్తుండిపోయింది. పక్కనే మైనం కూడా ఉంది. అది నా కంటికి ఆనలేదు. నిన్న పొద్దున కింద పడున్న ముఖం చూశాక గుర్తొచ్చింది, మైనం అని."

"అయితే వాడేటప్పుడైనా చూసుకోవాలి కదమ్మా!"

"చూశాను. పైన రాసి ఉంది, ఇద్దరు నిపుణులు పరిశీలించారని. ఆ ఇద్దరిలో ఒకదాన్ని నేనేనని నాకు తెలుసు. నేను చూడకపోయినా రెండోవారు చూసే ఉంటారు అనుకున్నాను." ఆమె మొదటిసారి తలెత్తింది. "ఇది చెప్తే నాకు శిక్ష తగ్గుతుంది. ప్రొఫెసర్‌దనీ, పత్రికదనీ పంచేస్తారు. సూదమ్మ ముఖం నేను తీశాను. దాన్ని పంచుకోవడం నాకు ఇష్టం లేదు."

ఇన్‌స్పెక్టరమ్మకి జీపు బానెట్ మీద పెట్టిన కాగితం కళ్ళముందు మెదిలింది. ఆ కాగితం సంగతి మేజిస్ట్రేటుకి ఇవాళే తను చెప్పుకోవాలి. అది తర్వాత. ముందు ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. "మీ శిక్ష సంగతి తర్వాత చూద్దాం. ఇంకో ఊళ్ళో ఇంకో పటం మీద ఇవాళే ఇదే జెల్ వేస్తున్నారు. నేను చెప్తే వినలేదు. మీ భాషలో మీరు చెప్పాలి."

డాక్టరమ్మ లేచి నిలబడిపోయింది. ఇన్‌స్పెక్టరమ్మ నెంబరు నొక్కింది, రెండుసార్లు మోగాక అవతల ఆ మ్యూజియంలో ఒక పెద్దావిడ ఎత్తింది. స్పీకరులో గొంతు గదంతా వినిపించింది.

"అమ్మా, జెల్ వేశారా?" అంది డాక్టరమ్మ.

"ఇప్పుడే వేసి ఇవతలికొచ్చాం. ఎవరు మాట్లాడేది?"

"తీసేయండమ్మా. పటానికి వెనకవైపు మైనం లేకపోతే తీసేయండి. అంచున నీటి చుక్క వేసి చూడండి, ఇంకితే మైనం లేనట్టే."

"మైనం సంగతి అందులో ఎక్కడా లేదే? పేరున్న పత్రికమ్మా అది. ఇద్దరు నిపుణులు పరిశీలించాకే అచ్చేశారు. ఇంతకీ మీరెవరు?"

డాక్టరమ్మ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. "ఆ ఇద్దరిలో నేనొకదాన్ని. నేను చూడలేదు."

అవతల ఆ పెద్దావిడ, పిల్లలకి నచ్చజెప్పేటంత నెమ్మదిగా అంది: "పోన్లెండి. మీరు చూడకపోయినా రెండోవారు చూసే ఉంటారు కదా?"

ఇన్‌స్పెక్టరమ్మకి పక్కనుంచి చిన్న చప్పుడు వినిపించింది. భూతద్దం జేబులోంచి వెండి పిడి అద్దం తీసి, డాక్టరమ్మ సంతకం పెట్టాల్సిన కాగితం మీద పెట్టాడు. మొహం పాలిపోయి ఉంది. ఒక్క రోజులో పదేళ్ళు మీద పడ్డట్టున్నాడు. పటం వైపు ఎందుకు తిరగలేదో, అద్దం జేబులోంచి ఎందుకు తీయలేదో ఆమెకి అప్పుడు అర్థమైంది. అతను ముందుకి వంగి ఫోన్ దగ్గరికి లాక్కున్నాడు.

"రెండోవాణ్ణి నేను," అన్నాడు. "రాసింది ప్రొఫెసర్ గారేనని పోల్చుకున్నాను. ఆయనకి నేను చెప్పేదేముంటుందిలే అనుకున్నాను. ఒక పేజీ తిప్పాను, సరేనన్నాను. నేనూ చూడలేదమ్మా. ఎవరూ చూడలేదు. వెళ్ళి తీసేయండి."

డాక్టరమ్మ అతని వైపు చూసింది. అందులో కోపం లేదు. ఇన్నాళ్ళూ పేరు తెలియని తోటిమనిషిని ఇప్పుడు పోల్చుకున్న చూపు అది.

అవతల కుర్చీ పడిన చప్పుడు, పరుగెత్తిన అడుగులు, ఎవరినో కేకేసిన గొంతు. తర్వాత పెద్దావిడ రొప్పుతూ ఫోన్‌లోకి వచ్చింది. "చుక్క వేశాం. ఇంకిపోయింది. ఇప్పుడేం చెయ్యాలి? చెప్పండి, ఏం చెయ్యాలి?"

"జెల్ తీసి తడి అద్దేయండి. గాలి తగలనివ్వకండి, త్వరగా ఆరనివ్వకండి," అంటూ డాక్టరమ్మ గబగబా చెప్పుకుపోయింది. "పైన మెత్తటి కాగితం పరిచి, దాని మీద బరువు..."

ఆమె మాట పూర్తి కాలేదు. ఫోన్‌లోంచి టక్కుమని చిన్న శబ్దం వినిపించింది. కాస్త ఆగి ఇంకోటి. అదేమిటని అవతల ఆవిడ అడుగుతోంది. ఇటు ముగ్గురికీ తెలుసు. పటం అంచున మేకులు ఊడుతున్నాయి.